మైనస్‌లోకి పడిపోయిన నీ స్కోరు

బుజ్జమ్మా,

మొన్న ఫోన్‌లో నీ గేమ్ ప్రోగ్రాం గోల చెప్పావు కదా, స్కోరు 2147483647 దాకా బాగానే వెళ్లి, ఇంకొక్కటి కలపగానే మైనస్‌లోకి పడిపోయిందని. 32 బిట్లలో ఒకటి ప్లస్-మైనస్ గుర్తుకి పోతే మిగిలేవి 31, వాటిలో పట్టే అతి పెద్ద సంఖ్య అదే, అంటే 2³¹ − 1. నువ్వు 64 బిట్లకి మార్చేసి హాయిగా పడుకున్నావు. నాకే ఆ సంఖ్య మీద నుంచి ధ్యాస పోలేదు. అది ప్రధాన సంఖ్య తల్లీ.

హద్దులన్నీ అలా ఉండవు. 16 బిట్ల హద్దు 32767ని 7 × 31 × 151గా విడగొట్టొచ్చు. నువ్వు నమ్ముకున్న 64 బిట్ల హద్దు కూడా 7తో తెగుతుంది. 2¹⁵, 2⁶³ నుంచి 1 తీస్తే వచ్చేవి కదా అవి. 15, 63 రెండూ 3తో పోతాయి కాబట్టి 2³ − 1, అంటే 7, వాటిలో దూరిపోతుంది. 31కి ఆ బెడద లేదు. కానీ అంతమాత్రాన గట్టెక్కినట్టు కాదు. 11 కూడా ప్రధానమే, అయినా 2¹¹ − 1 = 2047 = 23 × 89.

ఆ 23నే చూడు. 2ని రెట్టింపు చేస్తూ, 23 దాటినప్పుడల్లా 23 తీసేస్తూ పో: 2, 4, 8, 16, 9, 18, 13, 3, 6, 12, 1. సరిగ్గా 11 అడుగుల్లో 1కి వచ్చింది. ఈ చక్రం పొడవు 23 − 1ని, అంటే 22ని, తప్పకుండా భాగించాలి. ఇది గణితజ్ఞుడు ఫెర్మా చెప్పిన సంగతి. అలాగే 2³¹ − 1ని ఏ ప్రధాన సంఖ్య అయినా భాగిస్తే, దాని చక్రం పొడవు 31. కాబట్టి ఆ ప్రధాన సంఖ్యలోంచి 1 తీసేస్తే మిగిలేది 31తో పోవాలి, అది సరి సంఖ్య కూడా కనుక 62తో పోవాలి.

గణితజ్ఞుడు ఆయిలర్ ఇంకో జల్లెడ కూడా పట్టాడు. 248తో భాగిస్తే 1 గానీ 63 గానీ మిగిలే ప్రధాన సంఖ్యల్నే చూస్తే చాలు, అదీ మన సంఖ్య వర్గమూలం దాకా, అంటే 46340 వరకే. అక్కడిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలు సుమారు 4,800. జల్లెడలో మిగిలేవి వందలోపే. 1772లో బెర్నూలీలనే గణితజ్ఞుల కుటుంబంలో ఒకరికి రాసిన ఉత్తరంలో ఇది ప్రధానమేనని చెప్పాడు. అప్పటికి ఆయనకి చూపు దాదాపు లేదు. 2024లో దొరికిన ఇదే జాతి (2 ఘాతంలోంచి 1 తీస్తే వచ్చే) ప్రధాన సంఖ్యకి 4,10,24,320 అంకెలు ఉన్నాయట. గొప్పే, కానీ దాన్ని నేను కాగితం మీద భాగించలేను కదా.

మన 2147483647ని అయితే భాగించాను. జల్లెడలో మిగిలిన మొదటిది 311, శేషం 35. తర్వాతది 1303, శేషం 226. ఈ రెండో భాగహారం మూడుసార్లు తప్పాను, మీ అమ్మ నవ్వింది. మిగతావి నీ ప్రోగ్రాంకి అప్పగిస్తున్నాను. ఒక్క జాగ్రత్త: భాజకం వర్గం మన సంఖ్యని దాటితే ఆగమని రాస్తావు చూడు, అక్కడ 32 బిట్లు పెట్టకు. 46340 దాటగానే ఆ వర్గం మళ్లీ మైనస్ అయిపోతుంది, లూప్ ఆగదు.

నాన్న