సర్వపిండి చేసే రోజు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి

అందరికీ నమస్తే. మాటలు, చేతి పనులు ఆలస్యంగా వస్తున్న మన పిల్లల్ని ఈ ఎండలకు హనుమకొండ దాకా థెరపీకి తీసుకుపోలేకపోతున్నామని చాలామంది టెన్షన్ పడుతున్నారు. వీలైనన్ని రోజులు పోదాం, మిగతా రోజులు ఇంటి పనుల్లోనే నేర్పుదాం. సర్వపిండి పొయ్యి మీద పెట్టకముందే గిన్నెలో పిల్లలతో ఒత్తించి, వేలితో చిల్లులు పెట్టించండి. వేళ్లకు పట్టు వస్తుంది. కారం కలపకముందే వాళ్లకో ముద్ద తీయండి, ఆ చేత్తో కళ్లు నలుపుకుంటే అంతే సంగతులు! చొక్కా గుండీలన్నీ మీరు పెట్టి, చివరిది వాళ్లకు వదలండి. అది వచ్చాక చివరి రెండు. నీళ్లా, మజ్జిగా అని రెండూ చూపించి అడగండి. వేలు చూపినా, కళ్లు తిప్పినా జవాబే. అడిగాక కాసేపు ఆగాలి, మనకు రానిది అదే. ఆరేళ్లలోపు పిల్లల్ని చూడటానికి ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం, ఎదుగుదల పరీక్షించే ప్రభుత్వ పథకం) టీమ్ ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. మీ టీచరమ్మను అడిగి ఈసారి తేదీ ఇక్కడ పెట్టండి.