నాలుగే నాలుగురా శీనూ

బ్యాంకాక్,
11 నవంబర్ 2025, మంగళవారం

ఒరేయ్ శీనూ,

ముందు తిట్టుకో, తర్వాత చదువు. నీ రెండు ఉత్తరాలకూ జవాబు రాయకుండా మూడు నెలలు గడిపేశాను. తప్పు నాదే. ఈ ఉత్తరం నిన్న రాత్రి మొదలుపెట్టాను. మిగతాది ఒక హాల్లో కుర్చీలో కూర్చుని, ఒడిలో పుస్తకం పెట్టుకుని రాస్తున్నాను. ఏ హాలో తర్వాత చెబుతా. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

ఫోన్ చేస్తే అయిపోయేది. కానీ ఇది ఫోన్‌లో చెప్పే సంగతి కాదురా. నువ్వు "ఆగాగు" అంటూ మధ్యలో అడ్డం వస్తావు, నేను సగంలో మర్చిపోతాను.

మిగతా కబుర్లు రెండు ముక్కల్లో చెప్పేస్తా. ఉద్యోగం బాగానే ఉంది. లత, పాప ఇద్దరూ తమ్ముడి పెళ్ళికని గుంటూరు వచ్చారు కదా, ఈ నెలాఖరుకు తిరిగి వస్తారు. (ఫ్లైట్‌కి మూడు రోజుల ముందు నుంచి డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. ఈ మే నుంచి పెట్టారు. లత మర్చిపోతుంది, నువ్వొకసారి గుర్తు చెయ్యి.) ఇక్కడుండే బయటివాళ్ళం ఇచ్చే తొంభై రోజుల రిపోర్టు ఈసారి ఆన్‌లైన్‌లోనే అయిపోయింది, చెంగ్ వట్టనా ఇమిగ్రేషన్ ఆఫీసు దాకా పోవాల్సిన పని తప్పింది. రాజమాత సిరికిత్ అక్టోబర్ 24న పోయారు. అప్పటి నుంచి ఊళ్ళో ఎక్కడ చూసినా నలుపు బట్టలే. మొన్న కార్తీక పౌర్ణమికి ఇక్కడ లోయ్ క్రథోంగ్. అరటి బోదె ముక్క మీద ఆకులు, పూలు, వత్తి పెట్టి నీళ్ళలో వదులుతారు. మన అరటి దొప్పలో దీపమే అనుకో. నేనూ కాలవ దాకా వెళ్ళి ఒకటి వదిలి వచ్చాను, కుంటుకుంటూ.

ఎందుకు కుంటానంటే, నన్ను కుక్క కరిచింది.

కంగారు పడకు. అమ్మకు మాత్రం చెప్పకు. లతకు కూడా శుక్రవారం దాకా చెప్పలేదు. చెప్పాక ఎంత గొడవైందో అది వేరే ఉత్తరం.

పోయిన మంగళవారం, నాలుగో తేదీ. పొద్దున్నే ఆరింటికి పాలకని కిందికి దిగాను. మేముండే ఆన్ నుట్ సందు నీకు వీడియోలో చూపించాను కదా, సెవెన్ ఎలెవెన్ పక్కన నాణేలు వేసే బట్టల మెషీన్లు, దాని పక్కన ఇస్త్రీ చేసే పెద్దావిడ. ఆవిణ్ణి అందరూ "పా" అంటారు, మన పెద్దమ్మ అన్నట్టు. ఆవిడ మెషీన్ల కింద ఒక నల్ల కుక్క ఉంటుంది, దాని పేరు "దమ్". నలుపు అనే అర్థం. పోయిన నెల ఈనింది. నేను చీకట్లో చూసుకోకుండా దాని పిల్ల తోక తొక్కినట్టున్నాను. అంతే, పిక్క పట్టేసింది. నాలుగు గాట్లు, రక్తం.

శీనూ, ఆ క్షణంలో నొప్పి తెలియలేదురా. నువ్వే కనిపించావు. చిన్నప్పుడు నిన్ను కరిచిన మన సాంబయ్య గారి నల్ల కుక్క, కాలవ గట్టు, నీ ఖాకీ నిక్కరు. నువ్వు ఏడవకుండా నా వంక చూసిన చూపు.

నీకు సున్నం, కారం కలిపి పెట్టారు గుర్తుందా? ఎవరో పసరు పోశారు. రెండో రోజు గానీ గవర్నమెంటు ఆస్పత్రికి తీసుకెళ్ళలేదు. ఇక్కడ మాత్రం పా ఒక్క మాట మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుని పంపు దగ్గరికి లాక్కెళ్ళింది. బట్టల సబ్బు తీసి, కాలు నీళ్ళ కింద పెట్టి, గోడ గడియారం చూస్తూ పదిహేను నిమిషాలు కడిగించింది. నొప్పికి కాలు లాగుతుంటే "జై యెన్ యెన్" అంటూనే ఉంది. మనసు చల్లగా పెట్టుకో అని. పోయిన ఏడాది మీ చంటిగాణ్ణి కుక్క కరిచినప్పుడు నువ్వు చెల్లెమ్మతో సబ్బు, పంపు అని ఫోన్‌లో అరిచావే, సరిగ్గా అదే.

తర్వాత దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆస్పత్రికి వెళ్ళాను. ఇక్కడ మనలాంటి బయటివాళ్ళం చాలామందిమి అక్కడికే పోతాం. ఇంగ్లీషు మాట్లాడతారు, ఏసీ, కాఫీ. చక్కగా కూర్చోబెట్టి ఒక అంచనా కాగితం చేతిలో పెట్టారు. రేబిస్ టీకా, గాయంలో వేసే మందు, డాక్టరు ఫీజు కలిపి ఇరవై వేల బాత్‌ల పైచిలుకు. మన డబ్బుల్లో యాభై వేలు దాటుతుంది. నా ఇన్సూరెన్స్‌లో ఓపీకి వచ్చేది రెండు వేల బాత్‌లే. ప్రాణం కదా, కట్టేద్దామనే కార్డు తీశాను.

అప్పుడు నన్ను బైక్ మీద తీసుకొచ్చిన నారింజ కోటు అన్న (మా సందు మొదట్లో నిలబడే విన్ మోటార్‌సైకిల్ వాళ్ళలో, అంటే కిరాయికి బైకు ఎక్కించుకునే వాళ్ళలో, ఒకడు, పేరు కూడా తెలియదు నాకు) వెళ్ళిపోకుండా గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. నా చేతిలో కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు. "సావోఫా" అన్నాడు. నాకు అర్థం కాలేదు. పాకు ఫోన్ కలిపి నా చెవి దగ్గర పెట్టాడు. ఆవిడా అదే మాట. సావోఫా, సావోఫా, పాములుండే చోటు, అక్కడికి పో అని.

ఆ అన్నే నన్ను స్కైట్రైన్ స్టేషన్‌లో దింపాడు. డబ్బు తీసుకోలేదు. సియామ్‌లో మారి సాలా దేంగ్‌లో దిగాను. రామా ఫోర్ రోడ్డు, ఆన్రీ దునాంత్ రోడ్డు కలిసే మూల, చులాలోంగ్‌కోర్న్ ఆస్పత్రి పక్కన. పాత పసుపు రంగు భవనం, చెట్లు. క్వీన్ సావోఫా మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్. థాయ్ రెడ్‌క్రాస్ వాళ్ళది. వెనక పాముల పెంపకం ఉంది. 1923 నుంచి ఉందట, పాము కాటు మందు కోసం విషం తీస్తారు. బడిపిల్లలు వరసగా వెళ్తున్నారు చూడ్డానికి. చంటిగాణ్ణి ఒకసారి తీసుకురారా, వాడికి పిచ్చి కదా పాములంటే.

కౌంటర్ దగ్గర "మా కట్" అన్నాను. కుక్క కరిచింది అని. ఇక్కడో తమాషా. "మా" అని స్వరం కింద నుంచి పైకి సాగదీస్తే కుక్క. గొంతు పైనే ఉంచి పలికితే గుర్రం. మామూలుగా అంటే రావడం. నేను ఏ మా అన్నానో దేవుడికే తెలియాలి. నర్సమ్మ నా కాలు చూసి నవ్వి, పాస్‌పోర్టు అడిగింది. ఫోన్‌లో ఫోటో చూపిస్తే సరిపోయింది. నంబరు చీటీ, బరువు చూడ్డం, డాక్టరు. అన్నీ అరగంటలో.

బరువు ఎందుకంటే, గాయంలో వేసే సీరం కిలోల లెక్కన వేస్తారు. రక్తం వచ్చిన కాటుకు టీకా ఒక్కటే చాలదు, టీకా పని మొదలుపెట్టేలోపు కాపలాగా ఇది ఉండాలి. గాయం చుట్టూ, గాయం లోపలికే గుచ్చారు. అది మాత్రం నొప్పేరా, అబద్ధం చెప్పను. ఆ సీరం గుర్రాల రక్తం నుంచి వాళ్ళే తయారు చేసుకుంటారు. డాక్టరమ్మ ఆ మాట చెప్పగానే నాకు వెలిగింది. ఒక మా కరిచింది, ఇంకో మా కాపాడింది. ఆవిడకు చెబితే పెద్దగా నవ్వి నర్సులందరికీ చెప్పింది.

ఇప్పుడు అసలు సంగతి వింటావా. దీని కోసమే ఉత్తరం.

టీకాకు చొక్కా ఎత్తమంటారేమో అనుకున్నాను. నాకు ఇప్పటికీ కుక్క కాటు ఇంజెక్షన్ అంటే బొడ్డే గుర్తొస్తుంది. పద్నాలుగు రోజులు, రోజూ బస్సు, రోజూ నీ బొడ్డు చుట్టూ ఒకటి. నీ పొట్ట గట్టిపడి, ఎర్రగా పొంగి, నువ్వు పక్కకు తిరిగి పడుకోలేకపోవడం. వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవాడివి. అత్తయ్య కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చేది. నేను రోజూ జేబులో జీళ్ళు పెట్టుకుని నీతో వచ్చేవాణ్ణి, అంతకన్నా ఏమీ చేయలేక. పన్నెండో రోజు సంగతి ఇక్కడ రాయను. అది మనిద్దరికే.

ఈవిడ రెండు చేతుల పై భాగాన ఒక్కో చుక్క వేసింది. నిజంగా చుక్కే. మిల్లీలీటరులో పదో వంతు. చర్మం పైపొర కింద చిన్న బుడగ లేచింది, దోమ కుట్టినట్టు. అయిపోయింది అంది. కార్డు మీద తేదీలు రాసిచ్చింది. ఆ రోజును సున్నా అనుకుంటే మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. (సంవత్సరం 2568 అని రాసి ఉంది. వీళ్ళది బుద్ధుడి లెక్క, మనకన్నా 543 ఏళ్ళు ఎక్కువ.)

నాకు వెంటనే నీ గొంతు వినిపించింది. చంటిగాణ్ణి గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి బయటికొచ్చి నాకు ఫోన్ చేశావు చూడు. "నాలుగే నాలుగురా, చేతికే, వాడు ఏడవను కూడా లేదు" అని నువ్వు వెక్కి వెక్కి ఏడ్చావు. ఆ రోజు నాకు నీ ఏడుపు సరిగ్గా అర్థం కాలేదు, క్షమించు. వాడికి తగ్గింది కదా, ఎందుకు ఏడుస్తున్నాడు అనుకున్నాను.

డాక్టరమ్మతో అన్నాను, మా ఊళ్ళో కూడా ఇలాగే నాలుగుసార్లు వేస్తున్నారు అని. ఆవిడ మామూలుగా, చాలా మామూలుగా, "అవును, ఆ పద్ధతి ఇక్కడిదే" అంది.

ఇక్కడిదే శీనూ! ఈ భవనంలో, ఈ పక్క ఆస్పత్రిలో పనిచేసిన డాక్టర్లే కనిపెట్టారు. మన దగ్గర కూడా దీన్ని థాయ్ రెడ్‌క్రాస్ పద్ధతి అనే అంటారట. చంటిగాడి చీటీ ఉంటే తీసి చూడు.

కథ ఏమిటంటే, నీకు వేసింది గొర్రె మెదడుతో చేసిన టీకా. సెంపుల్ అనే డాక్టరు మన కసౌలీలోనే 1911 ప్రాంతంలో తయారు చేశాడు. అందుకే అన్నిసార్లు, అంత నొప్పి. కొందరికి ఆ టీకాతోనే నరాలు దెబ్బతినేవి. తర్వాత మంచి టీకాలొచ్చాయి, కానీ ఖరీదు. కండకు వేస్తే సీసాకు సీసా, అలా ఐదుసార్లు. ఎవడు కొంటాడు? 1980ల్లో ఇక్కడి వాళ్ళకూ అదే బాధ. కుక్కలు ఎక్కువ, డబ్బు తక్కువ. అప్పుడు వీళ్ళు ఆలోచించారు, కండకు కాకుండా చర్మంలో వేస్తే? చర్మంలో బయటి క్రిమిని పట్టుకునే కణాలు దట్టంగా ఉంటాయి, కొంచెం మందుకే ఒళ్ళంతా మేలుకుంటుంది. ఒక సీసా కొన్ని చుక్కలుగా పంచుకుంటే నలుగురైదుగురికి వస్తుంది. వేసి చూశారు, నిలబడింది. 1992లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది. మన దగ్గర గొర్రె మెదడు టీకా 2004 చివర్లో ఆపేశారు, 2006లో ఈ చర్మం పద్ధతికి అనుమతి ఇచ్చారు. అందుకే మన గవర్నమెంటు ఆస్పత్రుల్లో అంతమందికి ఉచితంగా వేయగలుగుతున్నారు.

నువ్వు ఇరవై ఏళ్ళు ఆలస్యంగా పుట్టి ఉంటే... ఏమో, అలా రాయకూడదు. కానీ ఆ హాల్లో కూర్చుని అదే అనుకున్నాను. ఏడుపొచ్చింది. పక్కన కూర్చున్న ముసలాయన, పిల్లి గీరిందని వచ్చాడు, నాకు నొప్పి అనుకుని తన నీళ్ళ సీసా ఇచ్చాడు.

అసలు ఈ చోటు మొదలైందే ఒక తండ్రి దుఃఖంలోంచట. దమ్రోంగ్ అనే రాజకుమారుడి కూతురు కుక్క కాటు జబ్బుతో పోయింది. అప్పటికి ఈ దేశంలో టీకా లేదు. ఆయన చందాలు పోగుచేసి టీకా చేసే చోటు పెట్టించాడు. తర్వాత అది రెడ్‌క్రాస్ చేతికి వచ్చింది. 1922 డిసెంబర్‌లో ఆరో రామా రాజు ఈ భవనం తెరిచి తన తల్లి సావోఫా పేరు పెట్టాడు. మొన్న పోయిన సిరికిత్ రాణి గారు కూడా 1956 నుంచి రెడ్‌క్రాస్ అధ్యక్షురాలే. ఇక్కడ నర్సుల దగ్గర నుంచి చీటీలిచ్చే కుర్రాడి దాకా అందరి భుజానా నల్ల రిబ్బను ఉంది.

మొదటి రోజు ఖర్చు ఎంతో చెప్పలేదు కదూ. సీరంతో సహా రెండు వేల బాత్‌లు కూడా కాలేదు. థాయ్ వాడా, బయటివాడా అని ఎవరూ వేరుగా చూడలేదు. అందరికీ అదే హాలు, అవే కుర్చీలు.

ఇంకో సంగతి. కుక్కను పది రోజులు కనిపెట్టి చూడమన్నారు. దానికి జబ్బు ఉంటే ఆలోపు బయటపడుతుంది, బాగుంటే చివరి డోసు అక్కర్లేకపోవచ్చు. ఈ మాట పాకు చెప్పాను. అంతే, రోజూ పొద్దున ఏడింటికి లైన్ యాప్‌లో దమ్ ఫోటో వస్తుంది. అన్నం తింటున్న దమ్, పిల్లలకు పాలిస్తున్న దమ్, చొక్కా తొడిగించుకున్న దమ్. కింద ఒకటే మాట, "యంగ్ యూ". ఇంకా ఉంది అని. ఇవాళ ఏడో ఫోటో వచ్చింది. నాకేం కాకూడదని ఆవిడకు ఎంత భయమో, కుక్కను ఎవరైనా ఏమైనా అంటారని అంతే భయం. నేను దాన్ని ఏమీ అననని చెప్పి రావడానికి నిన్న కోడిగుడ్లు తీసుకుని వెళ్ళాను. ఆ విన్ అన్న కూడా అక్కడే ఉన్నాడు. పేరు అడుగుదామని వెళ్ళాను, మాటల్లో పడి మళ్ళీ...

ఏ హాలో ఇప్పటికి తెలిసిపోయే ఉంటుంది నీకు. ఇవాళ మూడోది. నా చీటీ నంబరు నలభై ఏడు, బోర్డు మీద నలభై ఆరు వెలుగుతోంది. అత్తయ్యకు ఇది చదివి వినిపించు, కానీ నెమ్మదిగా. చంటిగాడి చీటీ వెతకడం మర్చిపోకు. నీ పొలం గొడవ గురించి నువ్వు అడిగినదానికి నేను ఆలోచించింది ఏమిటంటే, సర్వేయర్‌ను

పిలిచారు, సీ సిప్ జెట్ అంటే నేనే. ఉంటా.

నీ
రవి