కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: వార్డు కమిటీ ఎందుకు అడుగుతున్నాం

సభ్యులందరికీ నమస్కారం.

వినాయక చవితి, రక్తదాన శిబిరం, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఆడిటరు సంతకం చేసిన జమాఖర్చులు నోటీసు బోర్డులో ఉన్నాయి, సర్వసభ్య సమావేశంలో కోశాధికారి చదివి వినిపిస్తారు. నేను మాత్రం ఈసారి ఒక్క సంగతి మీదే వివరంగా రాయదలచాను. విశాఖలోని మన వార్డులో ఏ పని ముందు జరగాలో మనల్ని ఎవరూ అడగడం లేదు.

ఈ ఏడాది పార్కు ముందు కొత్త ఆర్చి కట్టారు. గ్రానైట్ శిలాఫలకం మీద అందరి పేర్లూ ఉన్నాయి. పార్కు వెనక గెడ్డ (వాగు) పూడిక తీయలేదు. కల్వర్టు సగం మూసుకుపోయి, అక్టోబరు వానలకు చివరి వీధి ఇళ్లలోకి మోకాలిలోతు నీళ్లొచ్చాయి. బియ్యం డ్రమ్ములు మంచాల మీదికెక్కించి రాత్రంతా మేలుకున్నారు వాళ్లు. కల్వర్టు వెడల్పు చేయమని మనం ఏళ్లుగా మొత్తుకుంటున్నాం. ఆర్చి కావాలని మనలో ఒక్కరూ అడగలేదు.

మన ప్రజాప్రతినిధి మీద నాకు కోపం లేదు. ఫోన్ ఎత్తుతారు. వీధి దీపం పోతే సాయంత్రానికి మనిషిని పంపుతారు. అర్జీ పట్టుకెళ్తే కూర్చోబెట్టి టీ ఇప్పిస్తారు. వార్డు పనుల మీద జనం కూడా కూర్చుని మాట్లాడే వార్డు కమిటీ మాట ఎత్తితే మాత్రం "నేనున్నాను కదండీ, మళ్లీ కమిటీలెందుకు" అంటారు. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. మనం అడిగితే ఆయన ఇవ్వాలి, అంతవరకే ఆయనకు ఇష్టం. పక్కన కూర్చుని పని ఎస్టిమేట్ (ఖర్చు అంచనా) చదివితే ఇబ్బంది. పనిచేసే మనిషే ఇలా అనడం నాకు ఎక్కువ బాధగా ఉంది.

కమిటీ మన సరదా కోసం అడుగుతున్నది కాదు. పట్టణ పాలక సంస్థలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణం చెబుతోంది. 2005లో మొదలైన కేంద్ర పట్టణాభివృద్ధి పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కూడా నిధులివ్వాలంటే ప్రజా భాగస్వామ్య చట్టం చేయాలని రాష్ట్రాలకు షరతు పెట్టింది. ఇంత ఉన్నా, విశాఖలో 2012 నుంచి 2021 దాకా అసలు ఎన్నికైన పాలకవర్గమే లేదు. 2019లో వార్డు సచివాలయాలు వచ్చాయి, అది మంచి పనే. అమెనిటీస్ (సదుపాయాల) కార్యదర్శి, శానిటేషన్ కార్యదర్శి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటున్నారు. సేవలు గుమ్మం దాకా వచ్చినా నిర్ణయాలు పైనే ఆగిపోయాయి. ఏ పార్టీ వచ్చినా తీరు మారలేదు. ఎమ్మెల్యేకి కార్పొరేటర్ బలపడటం ఇష్టముండదు, కార్పొరేటర్‌కి కమిటీ బలపడటం ఇష్టముండదు.

కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టినప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇస్తామని ముందే ప్రకటించారు. ఊరి సభలో కూర్చున్నవాళ్లకు తమ మాట మీద డబ్బు కదులుతుందన్న నమ్మకం అలా వచ్చింది. అక్కడున్నదీ నాయకులే, వాళ్లకూ ఓట్లు కావాలి.

కాబట్టి మనమే వీధుల వారీగా కూర్చుని పనుల జాబితా తయారుచేశాం. కల్వర్టు మొదటిది. సచివాలయం నుంచి వచ్చిన కార్యదర్శి మన కుర్రాళ్లతో టేపు పట్టించి కొలతలు రాసుకున్నారు, ఆవిడకు ధన్యవాదాలు. జాబితాను ప్రజాప్రతినిధికి ఇచ్చాం. తీసుకున్నారు, ఫోటో దిగారు. వీధి సభకు రమ్మంటే మాత్రం రాలేదు. పని ఇంకా మంజూరు కాలేదు.

రాబోయే సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు పెడుతున్నాం. వార్డు కమిటీ వేయాలని కమిషనర్‌కు రాతపూర్వకంగా కోరడం ఒకటి. మన వార్డులో ఏ పనికైనా టెండరుకు ముందే ఎస్టిమేట్ ప్రతి సంఘానికి ఇవ్వాలని అడగడం రెండోది. ఇంటికొక మగమనిషి వచ్చి సంతకం పెట్టి వెళ్లిపోతే సరిపోదు. ఆడవాళ్లు తప్పకుండా రావాలి, ఆ రాత్రి నీళ్లు తోడింది వాళ్లే. చివరి వీధి వాళ్లు మొదట మాట్లాడతారు.

ఇట్లు,
కార్యదర్శి