సగం బహుమతి ఎవరిది?

సంపాదకులు గారికి,

పోయిన సోమవారం మీ సాహిత్యపేజీలో జర్మన్ నవలాకారిణి జెన్నీ ఎర్పెన్‌బెక్ మీద వచ్చిన వ్యాసం గురించి రాస్తున్నాను. సవరణ వేస్తారేమోనని ఈ సోమవారం దాకా ఆగాను. సవరణ లేదు సరికదా, ఆ పేజీలో సగం ప్లాట్ల ప్రకటనే ఉంది.

‘కైరోస్’ నవలలో కాథరీనా, హాన్స్ బెర్లిన్ గోడ కూలిన రాత్రి కలుసుకున్నారని రాశారు. వాళ్లు కలిసింది 1986 జులై 11న, తూర్పు బెర్లిన్‌లో, బస్సులో. గోడ కూలడానికి అప్పటికింకా మూడేళ్లకు పైనే ఉంది. నవలలో చాలా భాగం నడిచేది ఆ మూడేళ్లలోనే. ఆమెకు 19 ఏళ్లు. అతనికి యాభై దాటాయి, పైగా భార్యా కొడుకూ ఉన్నారు. మీ వ్యాసకర్త దీన్ని ‘వయసెరుగని ప్రేమకావ్యం’ అన్నారు. సగం దాటి చదివి ఉంటే ఆ మాట అనేవారు కాదు. ఆమె ఇంకొకరితో గడిపిందని తెలిశాక హాన్స్ తన నిందలన్నీ క్యాసెట్లలో రికార్డు చేసి చేతికిస్తాడు. ఆమె అది విని జవాబు రాసివ్వాలి. ఆ జవాబు చాలదని మళ్లీ ఇంకో క్యాసెట్. ఇది ప్రేమకావ్యమైతే మన స్టేషన్లలో రాయించుకునే వాంగ్మూలాలు ప్రేమలేఖలే.

ఆ ఫొటో ఒకటి! కాథరీనా నాటకశాలలో పనికి వెళ్లిన ఊరు ఫ్రాంక్‌ఫర్టని చెప్పి, పక్కన అద్దాల మేడలున్న బ్యాంకుల ఊరు వేశారు. ఆమె వెళ్లింది పోలండ్ సరిహద్దులో, ఓడర్ నది ఒడ్డునున్న ఫ్రాంక్‌ఫర్ట్‌కి. అది తూర్పు జర్మనీది. ఫొటోలోది పశ్చిమ జర్మనీది. అక్కడ కొలువు చెయ్యాలంటే ఆవిడ ముందు గోడ దాటాలి.

వీటన్నిటికన్నా పెద్ద తప్పు వేరే ఉంది. 2024లో ఈ నవలకు అంతర్జాతీయ బుకర్ వచ్చిందని, బహుమతి 50,000 పౌండ్లని రాశారు. ఆ సొమ్ములో సరిగ్గా సగం అనువాదకుడిది. మీ వ్యాసంలో ఆ అనువాదకుడు మైకేల్ హాఫ్‌మన్ పేరు ఒక్కచోటైనా లేదు. పైగా ‘ఆమె ఇంగ్లీషు వచనం సెలయేరులా సాగుతుంది’ అని మెచ్చుకున్నారు. ఆవిడ రాసింది జర్మన్లో! ఆ సెలయేరు హాఫ్‌మన్‌ది. మరుసటి ఏడాది బాను ముష్తాక్ కన్నడ కథలకు అదే బహుమతి వచ్చినప్పుడు అనువాదకురాలు దీపా భస్తి పేరు పతాకశీర్షికలోనే వేశారే. పొరుగు భాషైతే గుర్తుంటుంది కాబోలు.

అనువాదకుల ఊసే లేకపోతే ఏమవుతుందో మీరిచ్చిన తెలుగు పేర్లే చెబుతున్నాయి. ఎర్పెన్‌బెక్ 2008 నాటి నవల ‘హైమ్‌జూఖుంగ్’ను ‘సందర్శన’ అన్నారు. ఇంగ్లీషులో సుజాన్ బెర్నోఫ్‌స్కీ పెట్టిన ‘విజిటేషన్’ అనే పేరుని నిఘంటువులో వెతికితే వచ్చే మాట అది. జర్మన్లో ఆ మాటకు నెత్తిన పడిన ఆపద అని అర్థం. విడదీస్తే అందులో ఇల్లూ ఉంది, వెతుకులాటా ఉంది. కథంతా చెరువు ఒడ్డున ఒక ఇల్లు, దాన్ని పోగొట్టుకునే మనుషులు. చుట్టాలింటికి పోయి చూసి రావడం కాదు. 2015 నాటి ‘గేయెన్, గింగ్, గెగాంగెన్’ను ‘ప్రయాణాలు’ అన్నారు. అది క్రియాపదాల పట్టిక. మనం ‘రామః రామౌ రామాః’ అని వల్లె వేసినట్టు, బెర్లిన్ చేరిన ఆఫ్రికా శరణార్థులు తరగతిలో వల్లె వేసేది. అమీర్‌పేటలో జర్మన్ కోచింగుకు వెళ్లే ఏ పిల్లనడిగినా చెప్పేది.

జర్మన్లో ‘డూ’, ‘జీ’ అని రెండున్నాయి. ఇంచుమించు మన నువ్వు, మీరు. ఇంగ్లీషుకొచ్చేసరికి రెండూ ఒకే మాటలో కలిసిపోతాయి. ఇంగ్లీషు మీదుగా తెలుగు చేసేవాడు ఎవరు ఎవర్ని ఎప్పుడు నువ్వన్నారో ఊహించుకోవాల్సిందే. మూలం నుంచి నేరుగా చేస్తే మన భాషకు ఆ ఇబ్బందే లేదు. ఒకప్పుడు ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి (రారా) మాస్కోలో కూర్చుని అనువాదాలు చేశారు. అనువాదంలో చిక్కుల మీద రారా రాసిన పుస్తకానికి 1988లో సాహిత్య అకాడమీ బహుమతి కూడా వచ్చింది. ఇప్పుడు అనువాదకుడి పేరు అట్ట మీద ఉండదు, లోపలి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. పారితోషికం ఎంతని అడిగితే ‘మీకు పేరొస్తుంది కదండీ’ అంటారు. ఏ పేరు? ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను మాత్రం ఏటా ఠంచనుగా వసూలు చేస్తున్నారు. ఆ పైసల్లో అనువాదాలు కొనడానికి వెళ్లేవెన్నో గ్రంథాలయ సంస్థలనే అడగండి.

సవరణ వేసే ఉద్దేశం ఉంటే అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వెయ్యండి. హాఫ్‌మన్ పేరు మొదటి వాక్యంలోనే ఉండాలి. ఫొటో మార్చేటప్పుడు ఓడర్ నది కనబడుతోందో లేదో చూసుకోండి. అద్దాల మేడలు కనిపిస్తే అది మైన్ నది ఒడ్డున ఉన్న ఊరే.

– ఒక పాఠకురాలు, హనుమకొండ