పోరుమామిళ్ల నుంచి కేంద్ర జలశక్తి మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మాది కడప జిల్లా పోరుమామిళ్ల దగ్గర ఒక పల్లె. చిన్న చెరువు కింద మూడెకరాలు చేసుకుంటాం. ఒక ఏడు మా చెరువులో నీళ్లు తూము దాకా కూడా రాలేదు. ఇంకో ఏడు నాలుగు రోజుల వానకే మరవ (అలుగు) పారింది. కట్ట తెగుతుందేమోనన్న టెన్షన్‌తో ఊరంతా తెల్లవార్లూ ఇసుక మూటలు మోశాం. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లకు ఊళ్లు మునిగిన సంగతి మీకు తెలుసు. అప్పటి నుంచి నవంబరులో వాయుగుండం అంటే చాలు, మాకు నిద్ర పట్టదు.

ఆ బంగాళాఖాతమే శ్రీలంకకూ వానలు తెస్తుంది. అనురాధపురం చుట్టూ మన లాంటి మెట్ట ప్రాంతమే, మన లాంటి గొలుసుకట్టు చెరువులే. కానీ వాళ్లు చెరువుతో పాటు దాని చుట్టుపక్కల నేలనూ కాపాడుకునే పద్ధతి పెట్టుకున్నారు. చెరువు పైభాగాన చెట్ల వరుస, వచ్చే నీటిలోని మట్టిని ఆపే గడ్డి మేర, చిన్న చిన్న పూడిక గుంటలు. నాకు అన్నిటికంటే నచ్చింది బెత్మ అనే కట్టుబాటు. నీళ్లు తక్కువైన ఏడు ఆయకట్టు మొత్తం సాగు చేయరు. కట్టకు దగ్గరున్న పొలాన్ని మాత్రమే, పట్టా ఎవరిదైనా సరే, రైతులంతా వాటాలు వేసుకుని పండించుకుంటారు. మా దగ్గర కరువొస్తే చివరి మడివాడే ముందు వలస పోతాడు.

మా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కారు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం ఆ దోషాల్లో ఒకటి. ఆ రోజుల్లో అది నిజమే అయి ఉంటుంది, ఇద్దరి మధ్య ఉన్నదాన్ని ఎవరు బాగు చేస్తారు? ఇప్పుడు మన నవంబరు వాన అలాంటి సరిహద్దులోనే, దేశాల మధ్య ఉన్న బంగాళాఖాతంలోనే పుడుతోంది.

దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ దేశాధినేతలు చివరిసారి కలిసింది 2014లో, కాఠ్మాండూలో. ఆ పెద్ద సమావేశం మళ్లీ జరిగేదాకా ఆగొద్దని నా మనవి. దక్షిణాసియా వాతావరణ శాఖలు 2010 నుంచి ఏటా కూర్చుని వానాకాలం అంచనా కలిసే ఇస్తున్నాయి. పడిన వానను నిలుపుకోవడం కూడా కలిసి నేర్చుకోవచ్చు కదా! శ్రీలంకతో మాట్లాడి చెరువు నీళ్లు పొలాలకు వదిలే మా నీరుగంట్లను, ఆయకట్టు రైతులను ఒక సీజను అక్కడి చెరువుల మీదికి పంపండి. అక్కడి రైతులను ఇక్కడికి రప్పించండి. ఇంజనీర్లు కూడా వెళ్లాలి, కానీ వాళ్లు మాత్రమే వెళ్లి నివేదిక రాస్తే మా తూముకు ఒరిగేదేమీ లేదు.

వచ్చినవాళ్లకు భోజనం, వసతి మా ఊరే చూసుకుంటుంది. శాసనం చూపిస్తాం, కట్ట మీద నడిపిస్తాం. మా చెరువు మరవ దగ్గర పడిన పగులు కూడా చూపిస్తాం.

ఇట్లు,
ఒక ఆయకట్టు రైతు