మొదటి డోసు 108 ఎక్కకముందే పడాలి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఐసీయూలో డ్యూటీ డాక్టర్ని. మెదడువాపు, మెదడు పొరలకు వచ్చే మెనింజైటిస్‌తో మా దగ్గరికి వచ్చేవాళ్ల గురించి రాస్తున్నాను. వెంటిలేటర్లు పెంచమని అడగడం లేదు, అవి అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు.

జ్వరం, తలనొప్పి, వాంతులు, ఆపైన మాట తడబడటమో ఫిట్సో. ఏరియా ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి, పారాసిటమాల్ ఇచ్చి, స్కాన్ లేదని రిఫర్ చేస్తారు. చీటీలో బీపీ ఉంటుంది, పల్స్ ఉంటుంది. యాంటీబయాటిక్ ఎన్ని గంటలకు ఇచ్చారో ఉండదు, ఎందుకంటే చాలాసార్లు ఇచ్చి ఉండరు. బ్యాక్టీరియా మెనింజైటిస్ అనుమానం వస్తే గంటలోపు మందు పడాలి, స్కాన్ కోసం ఆగకూడదు. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ 2 గ్రాములు, దాంతోపాటే వాపు తగ్గించే డెక్సామెథసోన్. ఆలస్యం చేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 మార్గదర్శకాలూ చెబుతున్నాయి. ఇదేమీ అరుదైన మందు కాదు, స్టోర్‌లో ఉండేదే.

అక్కడి డాక్టర్లను తప్పుపట్టి లాభం లేదు. ముందే మందిస్తే పరీక్షలో ఏమీ దొరకదేమోనని వాళ్ల భయం. కల్చర్‌కు (క్రిమిని పెంచి గుర్తించే పరీక్షకు) రక్తం తీసి ఇంజెక్షన్ ఇచ్చేస్తే చాలు. ఒక డోసు పడినంత మాత్రాన నడుము దగ్గర సూదితో తీసే వెన్నునీటిలో కణాలు, ప్రోటీన్ చెప్పే కథ వెంటనే చెరిగిపోదు.

ఆ వెన్నునీటి దగ్గర ఇంకో చిక్కు. నీరు తీస్తే కాళ్లు పడిపోతాయని బంధువులు సంతకం పెట్టరు. నచ్చజెప్పి, రాత్రి పదింటికి మూడు సీసాల్లో పట్టి, అప్పుడే రక్తంలో షుగర్ కూడా చూసి పంపితే, ల్యాబ్ నుంచి "పొద్దున చూద్దాం సార్" అని జవాబు. పొద్దుటికి ఆ కణాలు మిగలవు. నేను అడిగేది పెద్ద యంత్రం కాదు, రాత్రిపూట మైక్రోస్కోప్ ముందు ఒక టెక్నీషియన్.

చిన్న పురుగు కుట్టడంతో వచ్చి మెదడుకూ పాకగల స్క్రబ్ టైఫస్ జ్వరం సంగతి వేరు. దానికి సెఫ్ట్రియాక్సోన్ పనిచేయదు. దుప్పటి తీసి చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద, లంగా బొందు కట్టే చోట వెతకాలి. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు, నొప్పి ఉండదు కాబట్టి రోగికే తెలియదు. అందరికీ కనిపించదు కూడా. అనుమానం ఉంటే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాల్సిందే. తీవ్రమైన కేసుల్లో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ నరానికి ఇస్తే, ఏదో ఒక్కటి ఇచ్చినదానికంటే మెరుగని వెల్లూరు వైద్యుల నేతృత్వంలో మన దేశంలోనే జరిగిన అధ్యయనం 2023లో తేల్చింది. మేము మందుల కోసం ఇండెంట్ పెడితే మాత్రం డాక్సీ ఇంజెక్షన్ ఎదురుగా "నిల్వ లేదు". ముక్కు గొట్టంలో మాత్ర నూరి పోస్తున్నాం. హెర్పిస్ మెదడువాపుకు వాడే అసైక్లోవిర్ ఇంజెక్షన్ కూడా బయట కొనుక్కురమ్మనే పరిస్థితి. మందు పడకపోతే ఆ జబ్బులో పదిమందిలో ఏడుగురు చనిపోతారు. కూలికెళ్లే మనిషిని రాత్రిపూట మెడికల్ షాపుల వెంట తిప్పడం మాకూ సిగ్గుగానే ఉంటుంది.

కాబట్టి ఈ మందులన్నీ ప్రతి ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీలో ఒకే ట్రేలో ఉండేలా ఒక ఉత్తర్వు ఇవ్వండి. రిఫరల్ చీటీలో "మొదటి డోసు ఇచ్చిన సమయం" అని ఒక గడి ముద్రించండి. అది ఖాళీగా వచ్చిందని మేము రాస్తే, మర్నాడు డీసీహెచ్ఎస్ (జిల్లా ఆసుపత్రుల సమన్వయాధికారి) ఆఫీసు నుంచి ఆ ఆసుపత్రికి ఫోన్ వెళ్లాలి.

ఇట్లు,
ఒక ఐసీయూ డ్యూటీ డాక్టర్