శ్రుతి పద్ధతుల పేర్లలో ఏముంది

చిట్టితల్లీ,

నీ కీబోర్డు సెట్టింగుల్లో మీన్‌టోన్, వెర్క్‌మైస్టర్, కిర్న్‌బెర్గర్ అన్న శ్రుతి పద్ధతుల పేర్లు చూసి అవేంటని అడిగావు. ఫోన్‌లో చెప్తే సగం పోతుందని రాస్తున్నాను.

షడ్జం నుంచి శుద్ధ పంచమాలు (పౌనఃపున్యాల నిష్పత్తి 3:2) పన్నెండు వరుసగా ఎక్కుతూ పోతే ఏడు స్థాయిల పైనున్న షడ్జం దగ్గర ఆగాలి. ఆగదు, 23.46 సెంట్లు దాటిపోతుంది. సెమిటోన్‌కి, అంటే పక్కపక్క కీల మధ్య దూరానికి, 100 సెంట్లు కదా, అందులో దాదాపు పావు వంతు! దీన్నే పైథాగరస్ కామా అంటారు. ఈ మిగులును ఎక్కడ సర్దాలన్న దగ్గరే పద్ధతులు వేరవుతాయి.

ఈక్వల్ టెంపరమెంట్ దాన్ని పన్నెండు పంచమాలకీ సమానంగా పంచుతుంది. మీన్‌టోన్ దారి వేరు. స్వచ్ఛమైన అంతర గాంధారంలో (5:4) 9:8 ఒకటి, 10:9 ఒకటి, రెండు సైజుల టోన్లు (సుమారు రెండేసి సెమిటోన్ల దూరాలు) ఉంటాయి. వాటి నడిమి సైజులో ఒకే టోన్ పెట్టుకుంటారు కాబట్టి ఆ పేరు. ‘క్వార్టర్ కామా మీన్‌టోన్’ అంటే ఇంకా స్పష్టం: ఒక్కో పంచమాన్నీ కామాలో నాలుగో వంతు తగ్గించు అని. ఇక్కడ కామా మాత్రం వేరే, ఆ రెండు టోన్ల మధ్య తేడా, 81:80. ఇలాంటి పేర్లంటే నాకు చాలా ఇష్టం, పేరు చదివి శ్రుతి చేసేయొచ్చు. అలా పదకొండు పంచమాలు తగ్గించాక మిగిలిన ఒక్కటి మరీ పెద్దదై తోడేలులా ఊళ పెడుతుంది. అందుకే దాన్ని ఉల్ఫ్ అన్నారు.

మనుషుల పేర్లతో వచ్చే చిక్కేమిటంటే అవి ఎవరు చెప్పారో చెప్తాయి గానీ ఏం చేయాలో చెప్పవు. 1691లో శ్రుతి గురించి పుస్తకం వేసిన వెర్క్‌మైస్టర్ పద్ధతులు చాలానే ఉన్నాయి, పక్కన అంకె లేకపోతే ఏదో తెలియదు. మూడో నంబరులో నాలుగు పంచమాలే తగ్గుతాయి, ఒక్కోటి పైథాగరస్ కామాలో పావు వంతు. కిర్న్‌బెర్గర్ జర్మన్ స్వరకర్త బాఖ్ శిష్యుడు. ఆయన మూడోదాంట్లోనూ తగ్గేవి ముఖ్యంగా నాలుగే, సి నుంచి ఇ దాకా (సి-జి-డి-ఎ-ఇ). దాంతో సి-ఇ గాంధారం పూర్తి శుద్ధంగా పలుకుతుంది.

బాఖ్ 1722లో తన కీబోర్డు రచనల సంపుటికి పెట్టిన ‘వెల్ టెంపర్డ్’ అన్న పేరు ఈక్వల్ గురించేనని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకు. అన్ని కీలలోనూ, అంటే ఏ స్వరాన్ని షడ్జం చేసుకున్నా, వాయించడానికి వీలుగా సర్దినది అనే దాని అర్థం. సమానంగా సర్దారని ఆ మాటలో ఎక్కడా లేదు.

ముందు క్వార్టర్ కామా మీన్‌టోన్ పెట్టి జి షార్ప్, దాని పైన ఇ ఫ్లాట్ కలిపి నొక్కు. మామూలుగా ఉల్ఫ్ అక్కడే ఉంటుంది. తర్వాత వెర్క్‌మైస్టర్ మూడు పెట్టి అవే రెండూ నొక్కు. ఈసారి అది అచ్చమైన 3:2. ఎలా వినిపించిందో నాకు రాయి.

అమ్మ